పోలీసుకి చట్టం అండ ఎందుకు కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేం విజయవాడ, గుంటూరుల్లో ఉండే కొద్దిమందిమి. మాలో లాయర్లున్నారు, రిటైరైన టీచర్లున్నారు, నాలాంటి పోలీసు ఇళ్ల పిల్లలున్నారు. డ్యూటీలో ఉన్న పోలీసుకి చట్టపరంగా ఇంకాస్త గట్టి రక్షణ కావాలంటూ ఒక వినతిపత్రం తయారుచేసి సంతకాలు సేకరిస్తున్నాం. సంతకం పెట్టే ముందు జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. కొందరు మర్యాదగా అడుగుతారు, కొందరు మొహమ్మీదే కడిగేస్తారు. రెండు రకాలూ ఇక్కడ పెట్టాను. జవాబుల్లోని అభిప్రాయాలు మాత్రం నావే. మా బృందంలోనే కొందరు వీటిలో కొన్నిటికి ఒప్పుకోరు.

పోలీసులకి ఇంకా రక్షణ ఏమిటండీ? వాళ్ల నుంచి మాకు రక్షణ కావాలి గానీ!

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. స్టేషన్ మెట్లెక్కాలంటే మామూలు మనిషికి ఇప్పటికీ గుండె దడే. కంప్లయింట్ ఇవ్వడానికి వెళ్లినవాణ్ణే ముందు నిలబెట్టి ప్రశ్నలడిగే అలవాటు ఇంకా పోలేదు.

అయితే మీ కేసు ఎందుకు రాయలేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. చాలాసార్లు ఆ ఎస్సైకి మీ మీద పగ ఉండదు. ‘పై నుంచి ఫోన్’ వచ్చి ఉంటుంది. ఆ ఫోన్ లెక్కచేయకుండా ఎఫ్‌ఐఆర్ కడితే తెల్లారేసరికి స్టేషన్ పోయి వీఆర్‌లో, అంటే మళ్లీ పోస్టింగ్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో, ఉంటాడు. పిల్లల స్కూలు మధ్యలో మార్చాలి, అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చి చెప్పింది: విచారించదగ్గ నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. ఆ తీర్పును పాటించిన ఎస్సైని కాపాడే చట్టం మాత్రం లేదు. మేం అడుగుతున్నది ముందుగా అదే. ఫోన్‌కి ‘కుదరదు సార్’ అని చెప్పగలిగిన పోలీసు ఉంటే లాభపడేది మీరే.

దాడి చేస్తే శిక్షించడానికి సెక్షన్లు ఇప్పటికే ఉన్నాయి కదా?

ఉన్నాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 132వ సెక్షన్ ప్రకారం విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద చెయ్యి చేసుకుంటే రెండేళ్ల వరకు జైలు. జనం నోట ఇప్పటికీ ‘353 కేసు’గా ఉన్నది ఇదే. గాయపరిస్తే 121వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు, తీవ్రగాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు. విధులకు అడ్డుపడితే 221, బెదిరిస్తే 224.

అసలు చిక్కు సెక్షన్ రాసిన తర్వాత మొదలవుతుంది. 221 కింద కేసు నిలబడాలంటే సంబంధిత ఉద్యోగి లేదా ఆయన పై అధికారి రాతపూర్వకంగా కోర్టుకి ఫిర్యాదు ఇవ్వాలి. సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షన్ చెప్పేది అది. ఆ కాగితం లేకుండా మామూలు ఛార్జిషీటుతో నెట్టుకొస్తే ఆ ఆరోపణ అక్కడే కొట్టుకుపోతుంది. సాక్షులేమో అదే వీధివాళ్లు, కొట్టినవాడూ అదే వీధివాడు. వాయిదాల మీద వాయిదాలు పడి, బోనెక్కే నాటికి ‘నేనేమీ చూడలేదండీ’ అంటారు.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఒక తిరునాళ్లలో రెండు ప్రభల వాళ్లు దారి కోసం కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్లారు. రాయి వచ్చి ఎడమ కనుబొమ మీద తగిలింది. కుట్లు పడ్డచోట వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. కేసు పెట్టారు. ఏళ్లు గడిచాక ప్రభుత్వం కొన్ని ‘రాజకీయ కేసులు’ ఉపసంహరించుకుంది. వాటిలో ఆ కేసూ ఉంది. ఆ సంగతి ఆయనకి డిపార్ట్‌మెంట్ చెప్పలేదు, కేసు నడిపే ప్రభుత్వ లాయరు (పీపీ) చెప్పలేదు. పొద్దున టీ తాగుతూ జిల్లా పేజీలో చదువుకున్నారు.

ఇప్పుడు ఈ విషయంలో చట్టం కొంత మెరుగైంది. నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షన్ ప్రకారం బాధితుడి మాట వినకుండా కేసు ఉపసంహరణకు కోర్టు అనుమతి ఇవ్వకూడదు. దెబ్బ తిన్న కానిస్టేబుల్ కూడా బాధితుడే. ఈ ముక్క చాలామంది కానిస్టేబుళ్లకే తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చెప్పండి.

మీ వినతిపత్రంలో సరిగ్గా ఏం అడుగుతున్నారు?

మొదటిది పోస్టింగ్ భద్రత. యూపీ మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఏడు ఆదేశాలిచ్చింది. స్టేషన్ హౌస్ ఆఫీసర్ నుంచి డీజీపీ దాకా కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది. బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలి, దర్యాప్తునీ శాంతిభద్రతల పనినీ వేరు చేయాలి అని కూడా ఉంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ తీర్పు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నములుతుంది. గడువుకు ముందే ఎవర్నైనా కదిలిస్తే కారణం రాతలో ఇవ్వాలని, దాని మీద అప్పీలుకు దారి ఉండాలని అడుగుతున్నాం.

రెండోది నోటిమాట ఆదేశాలు. ‘వాణ్ణి వదిలెయ్’, ‘వీణ్ణి లోపలెయ్’ అని చెప్పేవాడు ఎక్కడా సంతకం పెట్టడు. తర్వాత కోర్టులో నిలబడేది మాత్రం ఎస్సై. అడిగితే ఆదేశాన్ని రాతలో ఇవ్వాలి. ఇవ్వకపోతే స్టేషన్‌లో ఏ రోజుకారోజు జరిగింది రాసే జనరల్ డైరీలో ఎంట్రీ వేసుకునే హక్కు ఉండాలి, అలా వేసినందుకు ఛార్జ్ మెమో రాకూడదు.

మూడోది లాయరు ఖర్చు. డ్యూటీలో చేసిన పని మీద ప్రైవేటు కేసు పడితే కానిస్టేబుల్ జీతంలోంచి లాయరు ఫీజు కట్టుకుంటున్నాడు. ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. నేరం రుజువైతే వడ్డీతో సహా వసూలు చేసుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు.

నాలుగోది దాడి కేసులకు గడువు. డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడులకు మన రాష్ట్రం 2008లోనే ప్రత్యేక చట్టం తెచ్చింది. అదే పద్ధతిలో డ్యూటీలో ఉన్న పోలీసులు, హోంగార్డుల మీద దాడి కేసుల విచారణ ఏడాదిలో ముగియాలి. హోంగార్డు అన్న మాట విడిగా రాయాలని పట్టుబట్టింది నేనే. ఎండలో సెంటర్లో నిలబడేది, ముందుగా తిట్లు తినేది, దెబ్బ తగిలితే అందరికంటే తక్కువ దక్కేది అతనికే.

ఇవి కాక బాడీ కెమెరాలు, వారాంతపు సెలవు. సోదాలు, జప్తులు వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. నిజాయితీగా పనిచేసేవాడికి కెమెరా కంటే మంచి సాక్షి లేడు. వీక్లీ ఆఫ్ ఇస్తామని రాష్ట్రంలో 2019లో ప్రకటించారు. ఎలా నడుస్తోందో మీకు తెలిసిన ఏ కానిస్టేబుల్‌నైనా అడగండి, ముందు నవ్వుతాడు.

లాకప్‌లో కొట్టినవాణ్ణి కూడా ఈ రక్షణ కాపాడుతుందా?

కాపాడకూడదు. అలా కాపాడేలా ఉంటే నేను ఈ కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు. నిజం చెప్పించడానికి కొడితే న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, తీవ్రగాయమైతే పదేళ్ల వరకు శిక్ష ఉంది. అలా రాబట్టిన వాంగ్మూలం కోర్టులో చెల్లదు కూడా. డి.కె. బసు తీర్పు నుంచి ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలన్న 2020 తీర్పు దాకా సుప్రీంకోర్టు చెబుతున్నది ఒకటే: లాకప్‌లో కొట్టకూడదు. వీటిలో ఒక్క అక్షరం తగ్గించమని మేం అడగడం లేదు.

‘మరి విచారణకి ప్రభుత్వ అనుమతి కావాలంటారుగా?’ అని లాయర్లు అడుగుతారు. అది ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 218వ సెక్షన్‌లో ఉంది. డ్యూటీలో భాగంగా చేసిన పని మీద కోర్టు కేసు తీసుకోవాలంటే అనుమతి ఉండాలి. పాత చట్టంలో ఆ ఫైలు ఏళ్ల తరబడి బల్ల మీదే పడుకునేది. కొత్త చట్టం 120 రోజుల్లో తేల్చమంది. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఈ గడువు పోలీసుకీ మంచిదే. ఏ తప్పూ చేయనివాడి మెడ మీద కత్తి అన్నేళ్లు వేలాడదు.

ఎన్‌కౌంటర్ల గురించి కూడా అడుగుతారు. 2019 డిసెంబర్‌లో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. ఇక్కడ మన ఊళ్లల్లోనూ స్వీట్లు పంచారు. 2022లో, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ అది కావాలని జరిపిన కాల్పులేనని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. పూలు చల్లినవాళ్లలో ఒక్కరూ వాళ్లతో కోర్టు మెట్లెక్కరు. చట్టం దాటమని పోలీసుని ఎగదోసే జనం పోలీసుకి మిత్రులు కారు. ఈ మాటన్నందుకు మా బృందంలో ఒకాయన నాతో వారం మాట్లాడలేదు.

దేశభక్తికీ పోలీసులకీ ఏమిటి సంబంధం? సరిహద్దులో ఉన్నది సైనికులు కదా?

ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం ఎందుకు జరుపుతారో కనుక్కోండి. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ నాడు అక్కడ సరిహద్దు కాసింది పోలీసులే. ఆ రోజు పరేడ్‌లో అంతకుముందు ఏడాది దేశమంతటా విధుల్లో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. జాబితా పొడుగ్గా ఉంటుంది. చదివే అధికారి గొంతు మధ్యలో ఎండిపోతుంది, పక్కన నీళ్ల గ్లాసు పెట్టి ఉంచుతారు. ముందు వరసలో కూర్చున్న కుటుంబాలవాళ్లు తమ పేరు ఎక్కడ వస్తుందా అని ఎదురుచూస్తుంటారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో మావోయిస్టులు లాంచీ మీద దాడి చేస్తే మన గ్రేహౌండ్స్ వాళ్లు ముప్పైమందికి పైగా పోయారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసే వయసుకొచ్చారు.

ఇక మన ఊరి సంగతి. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమంది అటు తల తిప్పి చూస్తారో నాకు తెలియదు. ఏడాది తిరక్కుండానే, 1922 ఫిబ్రవరిలో, పల్నాడులో పుల్లరి (అడవిలో పశువుల్ని మేపినందుకు వేసే పన్ను) కట్టనన్న కన్నెగంటి హనుమంతుని మించాలపాడు దగ్గర పోలీసులే కాల్చి చంపారు. ఈ రెండో సంగతి దాచిపెట్టి దేశభక్తి గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మన ప్రాంతంలో పోలీసు వ్యవస్థ 1859లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లిషువాళ్లు రాసుకున్న చట్టం మీద లేచింది. పాలించేవాడు ఏం చెబితే అది చేయడానికే దాన్ని కట్టారు. తెల్లవాడు పోయి మనవాళ్లు వచ్చినా, పై నుంచి ఫోన్ మాత్రం పోలేదు. పోలీసు వినాల్సింది కుర్చీలో ఉన్నవాడి మాట కాకుండా రాజ్యాంగం మాట కావాలంటే, వినకపోయినా ఉద్యోగం నిలుస్తుందన్న ధీమా అతనికి ఉండాలి. నేను దేశభక్తినీ చట్టరక్షణనీ ఒకే కాగితం మీద రాసింది ఇందుకే.

అయితే పోలీసుల్ని విమర్శిస్తే దేశద్రోహం అంటారా?

అనం. ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఘాటుగా కామెంట్ పెట్టారని బెంగళూరులో ఒక జంట మీద 353 కేసు పెడితే, 2015లో మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సరిగ్గా చేసింది. మాటకి మాట, దెబ్బకి కేసు. ఈ రెండూ కలిపేస్తే దాడి కేసులకున్న విలువ కూడా పోతుంది.

డ్యూటీలో ఉన్న పోలీసుని వీడియో తీయొచ్చా?

రోడ్డు మీద తీయొచ్చు, అతని పనికి అడ్డం పడనంతవరకు. స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని బాంబే హైకోర్టు 2022లో చెప్పింది. నాదొక్కటే విన్నపం: పోలీసు లాఠీ ఎత్తిన పది సెకన్లు మాత్రం కత్తిరించి వాట్సాప్‌లో వదలొద్దు. అంతకుముందు ఏం జరిగిందో అదీ పెట్టండి. పోలీసుదే తప్పని తేలితే ఆ పూర్తి వీడియోనే మీకు కోర్టులో పనికొస్తుంది.

జనగణమన వస్తుంటే లేవనివాణ్ణి ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. మీరు లేచి నిలబడండి. పాడటాన్ని అడ్డుకుంటే, పాడే సభలో గొడవ చేస్తే 1971 నాటి చట్టం కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది, అది పోలీసు పని. కేరళలో ముగ్గురు పిల్లలు గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడలేదని స్కూలు నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. సినిమా హాల్లో పక్కవాడి కాలర్ పట్టుకోవడం వల్ల జెండా ఇంకో అడుగు పైకి ఎగరదు. చివరికి ఆ గొడవ సర్దడానికి కూడా ఒక కానిస్టేబుల్ రావాలి.

మహిళా కానిస్టేబుళ్ల గురించి మీరు ఏమైనా అడుగుతున్నారా?

ఇది మొదట మా కాగితంలో లేదు. దసరాల్లో ఇంద్రకీలాద్రి బందోబస్తుకి వేరే జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ చెబితే చేర్చాం. మూలా నక్షత్రం రోజు అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటారు. ఆ రోజు క్యూలైన్లలో ఇసుక వేస్తే రాలనంత జనం. తెల్లవారుజామున వేసిన పాయింటులో (కాపలా నిలబడే చోట) మధ్యాహ్నం దాటినా మార్చడానికి మనిషి రాలేదట. ‘నీళ్ల సీసా ఇస్తారు సార్, తాగం. తాగితే వెళ్లడానికి చోటేదీ?’ అన్నారావిడ. పులిహోర పొట్లం విప్పి రెండు ముద్దలు తిని, సీసా మూత తీయకుండానే మళ్లీ బ్యాగులో పెట్టుకున్నారు. ఆ ఎండలో, అన్ని గంటలు.

అందుకని బందోబస్తు ప్లాన్‌లోనే మరుగుదొడ్డి, పాయింటు మార్పు సమయం రాసి ఉండాలని ఒక వాక్యం చేర్చాం. దీనికి చట్టం కూడా అక్కర్లేదు, సంతకం పెట్టే అధికారికి ఆలోచన వస్తే చాలు.

లంచాలు తీసుకునేవాళ్లకీ ఇవన్నీ వర్తిస్తాయా?

లంచం డ్యూటీ కాదు. పట్టుబడితే ఏసీబీ చూసుకుంటుంది, మా కాగితంలో వాళ్ల కోసం ఒక్క మాటా లేదు. డబ్బిచ్చి పోస్టింగ్ తెచ్చుకున్నవాడు దాన్ని రాబట్టుకునేదాకా ఊరుకోడని అందరికీ తెలిసిందే. పదవీకాలం ఖాయమైతే ఆ బేరం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

పోలీసు వల్ల మాకే అన్యాయం జరిగితే?

స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఫిర్యాదుని రాతపూర్వకంగా ఎస్పీకి లేదా కమిషనర్‌కి పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో ఈ మెట్లు వరసగా ఉన్నాయి. మానవ హక్కుల కమిషన్ ఉంది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ జిల్లాల్లోనూ ప్రత్యేక అథారిటీలు ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులోని ఆ 2006 తీర్పే చెప్పింది. అవి గట్టిగా పనిచేయాలని మా కాగితం కూడా అడుగుతోంది. ఇది చూసి కొందరు పోలీసు మిత్రులు ‘మా కోసమా, మా మీదా?’ అన్నారు. రెండూ ఒకే తీర్పులో ఉన్నాయి, మాకు కావలసిన సగం చింపుకుని పట్టుకెళ్లలేం.

ఇవన్నీ పోలీసులే అడగొచ్చు కదా, మధ్యలో మీరెందుకు?

వాళ్లు అడగలేరు. రాజ్యాంగం 33వ అధికరణం పోలీసు బలగాల ప్రాథమిక హక్కుల్ని పరిమితం చేసే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. 1966లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా యూనియన్ పెట్టుకోకూడదు, పత్రికలకి ఎక్కకూడదు. ఫ్యాక్టరీ కార్మికుడు సమ్మె చేయగలడు, అంగన్‌వాడీ టీచరు ధర్నా చేయగలదు. ఆ ధర్నా దగ్గర ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌కి తన జీతం గురించి ప్లకార్డు పట్టుకునే హక్కు లేదు. ఉండాలని కూడా నేను అనను. ఆయుధం పట్టినవాళ్లకి ఆ కట్టుబాటు అవసరమే. అతని తరఫున మనమైనా మాట్లాడాలి కదా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

మీరు ఏ పార్టీ?

ఏ పార్టీ కాదు. అధికారంలో ఉన్నవాళ్లు మా కాగితం చూసి ప్రతిపక్షం అనుకుంటారు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ‘మేం రాగానే చేస్తాం’ అంటారు.

దీన్ని ఎవరికి ఇస్తారు? అసలు జరిగే పనేనా?

కొంత జరుగుతుంది. పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. కాబట్టి పదవీకాలం, రాతపూర్వక ఆదేశం, లాయరు ఖర్చు, వీక్లీ ఆఫ్, బాడీ కెమెరాలు రాష్ట్రమే చేయగలదు. వీటిలో చాలావాటికి ఒక జీవో సరిపోతుంది. శిక్షలు పెంచడం, విచారణకు గడువు పెట్టడం అలా కాదు. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్ర చట్టానికి తేడాగా రాష్ట్రం బిల్లు తెస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మన అసెంబ్లీ 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది, అది చట్టం కాలేదు. అంత హడావుడి చేసిన బిల్లుకే ఆ గతి పట్టింది.

అందుకే కాగితాన్ని రెండుగా విడగొట్టాం. జీవోతో అయ్యేవన్నీ మొదటి పేజీలో, హోం మంత్రికీ మంగళగిరిలోని డీజీపీ ఆఫీసుకీ. ఢిల్లీ దాకా వెళ్లాల్సినవి రెండో పేజీలో, ఎంపీలకి. మీ ఎమ్మెల్యేకి ఇవ్వాలనుకుంటే మొదటి పేజీ ఒక్కటే ఇవ్వండి. రెండూ కలిపి ఇస్తే ‘ఇది కేంద్రం చూడాలమ్మా’ అని మొత్తం పక్కన పెట్టేస్తున్నారు.